గోళ్లు తీయించేస్తే గొడవ తీరుతుందా?

కడప నుంచి ఒకామె రాశారు. పేరు, పేట వద్దన్నారు, సరే. నాలుగు పేజీల ఉత్తరం, సగం పిల్లి గురించి, సగం ఇంట్లోవాళ్ల గురించి. కుదించి చెప్తాను.

ఆమె టీచరు. భర్తకు హార్డ్‌వేర్ షాపు, 9 ఏళ్ల కూతురు, 68 ఏళ్ల అత్తగారు. రెండేళ్ల కిందట ఒక వానరోజు పంచలోకి పిల్లికూన ఒకటి వచ్చి చేరింది, సంగటి ముద్ద రంగులో ఉందని అత్తగారే దానికి రాగి అని పేరు పెట్టారు. ఇంట్లోనే పెరిగింది, బయటికి పోదు. పోయిన దసరాకు 38,000 పెట్టి సోఫా కొన్నారు, అప్పట్నుంచి రాగి ఆ సోఫా చేతుల్ని పీచు పీచు చేసేసింది, బీరువా తలుపుకు వేలాడేసిన ధర్మవరం పట్టుచీర కొంగు కూడా పోయింది. అంతవరకూ తిట్లతోనే సరిపోయింది. సంక్రాంతి అయిన వారానికి, ఒక సాయంత్రం, అత్తగారి ముంజేతి మీద మూడు గీతలు పడ్డాయి. ఆమెకు షుగరు ఉంది, పోయినేడు గుండెకు స్టెంటు వేసినప్పట్నుంచి రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారు, అరగంటైనా రక్తం ఆగకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆ రాత్రే భర్త తేల్చి చెప్పేశారు, "ఈ ఇంట్లో మా అమ్మన్నా ఉండాల, అదన్నా ఉండాల" అని. డల్లాస్‌లో ఉన్న మరిది వీడియో కాల్‌లో, "ముందు కాళ్ల గోళ్లు తీయించేయండి వదినా, మేమూ మా పిల్లికి చేయించాం, చిన్న ఆపరేషనే" అన్నాడు. బెంగళూరులో ఒకచోట చేస్తామన్నారట, భర్త డబ్బు కట్టడానికి సిద్ధంగా ఉన్నారు. పక్కింటామె చేపల మార్కెట్ దగ్గర వదిలేసి రమ్మంటోంది. పాప సరిగ్గా తినడం లేదు. చివర్న ఇలా రాశారు: "ఆపరేషన్ చేయిస్తే అందరికీ మనశ్శాంతి కదా, కానీ ఎందుకో నాకు మనసొప్పడం లేదు. పిల్లి కోసం అత్తను లెక్కచేయని కోడలినైపోయానా?"

ముందు ఆ చివరి ప్రశ్న పక్కన పెట్టేద్దాం. కాలేదమ్మా. ఆ రాత్రి ఆమె చేతికి గుడ్డ అదిమి పట్టుకుని ఆటోలో కూర్చున్నది మీరే అని మీ ఉత్తరంలోనే ఉంది. ఇంకెవరైనా మిమ్మల్ని ఆ మాట అన్నారో, మీకు మీరే అనుకుంటున్నారో తెలియదు గానీ, ఆ అపరాధభావంతో నిర్ణయం తీసుకోకండి. అట్లా తీసుకుంటే ఆపరేషన్‌కే ఒప్పుకుంటారు.

ఇప్పుడు ఆ ఆపరేషన్ సంగతి. "గోళ్లు తీయడం" అనే మాటే తప్పుదారి పట్టిస్తుంది, వినడానికి మంగలి షాపులో పనిలాగా ఉంటుంది. మన గోరు వేలి చర్మం మీద కూర్చుని ఉంటుంది, పిల్లి గోరు అట్లా కాదు, వేలి చివరి ఎముకలోంచే పుడుతుంది. గోరు మళ్లీ రాకుండా ఉండాలంటే ఆ ఎముకనే తీసేయాలి. అంటే మీ చేతివేళ్లు ఒకసారి చూసుకోండి, చివరి కణుపు దగ్గర ఒక్కో వేలూ తెగ్గోసినట్టు. ముందు కాళ్లకు ఒక్కోదానికి ఐదు వేళ్లు, మొత్తం పది కణుపులు. కత్తితో కోసినా, లేజర్‌తో చేసినా తీసేది అదే, లేజర్ అంటే నొప్పి లేదని కాదు. ఇంకోటి కూడా ఉంది, ఎముక జోలికి పోకుండా గోరును బయటికి లాగే నరంలాంటి తీగను మాత్రం కత్తిరిస్తారు, అది చేస్తే పిల్లి గోరు బయటికి తీయలేదు, కానీ గోరు పెరుగుతూనే ఉంటుంది, కాబట్టి జీవితాంతం మీరు కత్తిరిస్తూ ఉండాల్సిందే. కత్తిరించేటట్టయితే ఆ ఆపరేషన్ ఎందుకు?

పిల్లి నడిచేది వేళ్ల మీద. మనలాగా పాదం మొత్తం ఆనించదు. ఆ వేళ్ల చివర్లు పోతే బరువు వెనక్కి పడుతుంది, కొన్ని పిల్లులకు నడుమునొప్పి పట్టుకుంటుంది, లోపల ఎముక ముక్క మిగిలిపోతే ఏళ్ల తరబడి సలుపుతుంది. ఇసుక తొట్టిలో కాలు పెడితే నొప్పి, కాబట్టి తొట్టి మానేసి మెత్తగా ఉన్నచోట పోస్తుంది, అంటే పరుపు మీదో మీ సోఫా మీదో. అమెరికాలో 274 పిల్లుల్ని పరీక్షించి, అందులో సగం గోళ్లు తీయించినవి, 2017లో ఒక పరిశోధన ప్రచురించారు, గోళ్లు తీయించినవాటిలో నడుమునొప్పి, తొట్టి బయట పోయడం, కరవడం ఎక్కువగా కనిపించాయి. అన్నింటికీ అవుతుందని కాదు, మీ మరిది వాళ్ల పిల్లి హాయిగానే ఉండొచ్చు, లేదా నొప్పి దాచుకుంటూ ఉండొచ్చు, పిల్లి నొప్పి చెప్పుకునే జంతువు కాదు.

కరవడం అన్నాను చూడండి, మీ ఇంటికి సంబంధించినంతవరకూ అసలు మాట అదే. గోరు లేని పిల్లికి బెదిరినప్పుడు మిగిలేది పన్నే. గోరు చర్మం మీద గీత గీస్తుంది, పన్ను సూదిలాగా లోతుకు దిగుతుంది, పైన చిన్న రంధ్రం మూసుకుపోయి లోపల చీము పడుతుంది. షుగరు ఉన్న మనిషికి, అందునా రక్తం పలచబడే మాత్రలు వేసుకునే మనిషికి, ఏది ప్రమాదం? అమ్మ కోసమని మీ ఆయన చేయించాలనుకుంటున్న పని అమ్మకే ఎదురు తిరగొచ్చు. ఇది ఆయనకు చెప్పండి. పిల్లి బాధ గురించి చెప్తే "నీకు అదే ఎక్కువైందా" అంటారు, ఈ సంగతి చెప్తే వింటారు.

మరిది మాట కూడా తేల్చేద్దాం. అమెరికాలో ఒకప్పుడు కుక్కకు బెల్టు కొన్నంత మామూలుగా చేయించేవాళ్లు, అది నిజం. ఇప్పుడు అక్కడా మారుతోంది: న్యూయార్క్ రాష్ట్రం 2019లో నిషేధించింది, 2022లో మేరీలాండ్, మరిది ఉండే టెక్సస్‌లోనే ఆస్టిన్ నగరం 2021లో నిషేధించింది. ఇంగ్లండ్‌లో అయితే వైద్య కారణం లేకుండా చేయడం చట్టవిరుద్ధం. మన దగ్గర 1960 నాటి జంతు క్రూరత్వ నివారణ చట్టం ఉంది, అందులో 11వ సెక్షన్ జంతువు అవయవాన్ని కోసి పాడుచేయడాన్ని నేరమంటుంది, పశువుల కొమ్ములు తీయడం, విత్తులు కొట్టడం, వాతలు పెట్టడం, ముక్కుతాడు వేయడం లాంటివాటికి మినహాయింపు ఇచ్చింది, పిల్లి గోళ్లు ఆ మినహాయింపుల్లో లేవు. మొదటిసారికి జరిమానా పది నుంచి యాభై రూపాయలు, ఇప్పటికీ అంతే, నవ్వొస్తుంది. కాబట్టి చట్టం భయంతో ఆగమని నేను చెప్పడం లేదు. కానీ వేలికి గడ్డో, కుళ్లో లాంటి జబ్బు లేకుండా "చేస్తాం, డబ్బు కట్టండి" అనే చోటికి నేనైతే పిల్లిని తీసుకుపోను.

మరొక్కటి, మన ఇళ్లల్లో "ఇంట్లోనే ఉండే పిల్లి" అంటే ఎంతవరకు నిజం? ఇంకో రెండు నెలల్లో ఎండలు ముదురుతాయి, తలుపులన్నీ బార్లా తీసి పెట్టుకుంటారు, రాత్రి మిద్దె మీద పడకలేస్తారు. ఒక్క రాత్రి గోడ దాటిందంటే కింద వీధికుక్కలు. గోళ్లుంటే చెట్టో గోడో ఎక్కేస్తుంది. లేకపోతే?

ఇక మీ ఉత్తరం. నేను రెండుసార్లు చదివాను, మీరు రాసినవే మీకు చూపిస్తాను.

సోఫా వచ్చిన రోజు గురించి రాస్తూ, "అదే బండిలో హాల్లో ఉన్న నులక మంచాన్ని పాత సామాన్లతనికి వేసేశాం" అన్నారు. అంతకు ముందు వాక్యంలో, "మంచం ఉన్నంతకాలం రాగి ఏ వస్తువూ ముట్టుకోలేదు" అనీ మీరే రాశారు. ఏడాదికి పైగా అది ఆ నులక మీద గోళ్లు గీక్కుని ఉంటుంది, మీరు గమనించి ఉండరు, ఎందుకంటే నులక మంచం చిరిగితే ఎవరికీ బాధ లేదు. పిల్లి గోళ్లు గీకడం కొవ్వెక్కి చేసే పని కాదు. గోరు మీది పాత పొర ఊడిపోవాలి, ఒళ్లు సాగదీసుకోవాలి, పాదాల్లోంచి వాసన అంటించి ఇది నా చోటు అని చెప్పుకోవాలి. దాని చోటు మీరు బండెక్కించి పంపేశారు, ఆ స్థలంలోనే సోఫా పెట్టారు. అది ఏం చేయాలి మరి?

రెండోది, గాయమైన సాయంత్రం. "అత్తమ్మ ఒళ్లో పడుకుని ఉంది, పాప వెనకనుంచి దాని తోక పట్టుకుంది, అంతలో కుక్కర్ విజిల్ వచ్చింది" అని ఒకే ముక్కలో రాసి ముందుకు పోయారు. అది రక్కడం కాదమ్మా, దూకడం. ఎగరడానికి పట్టు కోసం గోళ్లు దిగాయి. పాపను తిట్టమని కాదు, కానీ చేత్తో ఆడించడం, తోక లాగడం ఇవాళ్టినుంచి బందు. చెయ్యి ఆటవస్తువు అని చిన్నప్పుడు నేర్చుకున్న పిల్లి పెద్దయ్యాక కూడా చెయ్యినే పట్టుకుంటుంది. తాడుకు గుడ్డపేలిక కట్టి దూరంనుంచి ఆడించమనండి.

మూడోది నాకు అన్నింటికంటే విచిత్రంగా అనిపించింది. నాలుగు పేజీల్లో మీ ఆయన మాట ఉంది, మరిది మాట ఉంది, పక్కింటామె మాట కూడా ఉంది. అత్తగారి మాట ఒక్కటే ఉంది: ఆసుపత్రినుంచి కట్టుతో తిరిగొచ్చి చెప్పులిడుస్తూ, "దానికి అన్నం పెట్నారా?" అన్నారట. అంతే. రక్తం కారింది ఆమెకు, పేరు పెట్టింది ఆమె, పగలంతా మీరందరూ బడికీ షాపుకూ పోతే ఇంట్లో దానికి తోడు ఆమె, ఆమెకు అది తోడు. ఆమెను అడిగారా? అందరూ ఆమె కోసమే కొట్లాడుకుంటున్నారు, ఆమెను అడిగినవాళ్లు మాత్రం లేరు.

అడిగితే ఏం చెప్తారో నాకు తెలియదు. "నాకు భయంగా ఉంది, పంపించేయండి" అనొచ్చు. అప్పుడు ఆ మాటకు విలువివ్వాల్సిందే, కొడుకు కోపం వేరు, ఆమె భయం వేరు.

కాబట్టి మీ ముందు ఉన్న దారులు ఇవీ. ఆపరేషన్ గురించి చెప్పేశాను. అందులో సోఫా మాత్రం చిరగదు, మిగతావన్నీ అనుమానమే, పైగా పది వేళ్లు మళ్లీ అతకవు.

పంపించేయడం. దీన్ని నేను తప్పు అనను. నిజంగా ఆ ఇంట్లో కుదరకపోతే వేళ్లు కోయించి పెట్టుకోవడం కంటే వేళ్లతో సహా ఇంకో ఇంటికి పంపడమే నయం. కానీ చేపల మార్కెట్ కాదు. అక్కడ చేపలుంటాయి నిజమే, వాటికి ముందే హక్కుదారులైన పిల్లులూ కుక్కలూ ఉంటాయి, మీ ఒళ్లో పెరుగన్నం తిన్నది అక్కడ వారం బతకడం కష్టం. మీ స్కూల్లో తోటి టీచర్లనో, పల్లెలో ఎలుకల బాధ ఉన్న చుట్టాలనో అడగండి, వాళ్లింటికి వెళ్లి చూడండి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, టీకాలు వేయించి ఇవ్వండి. ఆ ఆపరేషన్ అయిందో లేదో మీరు రాయలేదు, కాకపోతే పిల్లి ఇంట్లో ఉన్నా పోయినా అది మాత్రం చేయించండి. పాపకు అబద్ధం చెప్పొద్దు, "పారిపోయింది" అని చెప్తే ఏళ్లకేళ్లు గేటు వైపు చూస్తూనే ఉంటుంది.

మూడోది ఉంచుకోవడం, నేను మొగ్గేది ఇటువైపే. ఉన్నదున్నట్టుగా ఉంచుకోవడం మాత్రం కాదు, మీ ఆయన భయం ఉత్తది కాదు. ఆయన తల్లి రక్తం నేల మీద చూశాడు.

గోళ్లు రెండు మూడు వారాలకొకసారి కత్తిరించాలి. తిని మగతగా ఉన్నప్పుడు ఒళ్లో పెట్టుకుని, వేలి కింద మెత్త, పైన కణుపు కలిపి మెల్లగా నొక్కితే గోరు బయటికొస్తుంది. వంకీ తిరిగిన మొన మాత్రమే కత్తిరించండి, లోపల గులాబీ రంగులో కనిపించేచోట రక్తనాళం ఉంటుంది, అక్కడిదాకా పోకూడదు, పొరపాటున రక్తం వస్తే కాస్త మొక్కజొన్న పిండి అద్ది అదిమితే ఆగుతుంది. ఒకే రోజు పదీ చేయాలనుకోకండి, రోజుకు రెండో మూడో, చేశాక ఏదైనా తినడానికి పెట్టండి. మొదటిసారి పశువుల డాక్టరు దగ్గర చేయించి చూసి నేర్చుకుంటే మంచిది. ఈ పని మీ ఆయన చేస్తే ఇంకా మంచిది, నిజంగా చెప్తున్నా, తన చేత్తో మొన తీసేసిన గోరు మీద మనిషికి భయం సగం పోతుంది. గోళ్లకు అతికించే ప్లాస్టిక్ తొడుగులు కూడా ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, నాలుగు నుంచి ఆరు వారాలు ఉంటాయి, అన్ని పిల్లులూ ఊరుకోవు, అత్తగారి చేయి పూర్తిగా మానేదాకా ప్రయత్నించి చూడొచ్చు.

గీక్కోవడానికి చోటు ఇవ్వాలి. షాపుల్లో అమ్మేవి చాలావరకు పొట్టిగా, ఊగుతూ ఉంటాయి, పిల్లి ఒకసారి ఆనుకుని అది ఊగితే మళ్లీ దాని మొహం చూడదు. మీ ఆయనది హార్డ్‌వేర్ షాపు కదా, మూడడుగుల దుంగ ఒకటి, దానికి కిందినుంచి పైదాకా బిగించి చుట్టిన కొబ్బరి తాడు, అడుగున కదలకుండా ఒక కడప బండ. బండకు మన ఊళ్లో కరువా? దాన్ని ఎక్కడో మూల పెడితే లాభం లేదు, ఇప్పుడు సోఫాలో ఏ చేతిని చీరుతోందో సరిగ్గా దాని పక్కన పెట్టండి, అలవాటయ్యాక రోజుకో జానెడు జరుపుకోవచ్చు. సోఫా చేతికి కొన్నాళ్లు మందపాటి ప్లాస్టిక్ కవరు చుట్టి, అక్కడ చీనీ (బత్తాయి) తొక్కలు పెట్టండి, ఆ వాసన పిల్లులకు పడదు. తొక్కలే, నూనెలు కాదు, ఆ నూనెలు పిల్లికి విషం. చీర సంగతి నా చేతుల్లో లేదు, బీరువా తలుపు వేసుకోండి.

అత్తగారికి: రాగి ఒళ్లోకొస్తే ముందు మోకాళ్ల మీద మందంగా మడిచిన దుప్పటి, పొడుగు చేతుల జాకెట్టో, పాత చొక్కానో. కుక్కర్ పెట్టే వేళ ఒళ్లో వద్దు. మళ్లీ ఎప్పుడైనా గీరుకుంటే పసుపూ కాఫీపొడీ అద్దకండి, కారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి, తర్వాత శుభ్రమైన గుడ్డతో మధ్యలో ఎత్తి చూడకుండా అదిమి పట్టి, నేరుగా ఆసుపత్రికి. మాత్రలు సొంతంగా ఆపొద్దు. రాగికి "చిన్నప్పుడు ఒక సూది వేయించాం" అని రాశారు, రేబీస్ టీకా ఒక్కసారితో సరిపోదు, ఏటా వేయించాలి, ఈ వారమే తీసుకెళ్లండి. జనవరి గాయం గురించి భయపడొద్దు, రక్కిన పిల్లి పది రోజుల తర్వాత కూడా ఆరోగ్యంగా ఉంటే ఆ గాయం నుంచి రేబీస్ రాదు. అయితే ఇంకోసారి జరిగితే ఆ పది రోజులూ చూస్తూ కూర్చోకూడదు, గాయమైన మనిషికి వెంటనే రేబీస్ సూదులు మొదలుపెట్టాలి, ప్రభుత్వాసుపత్రిలో ఉచితమే.

మీ ఆయనతో మాట్లాడేటప్పుడు "ఉంచుదాం" అని మొదలుపెట్టకండి, ఆ మాటకు "వద్దు" అనేదే జవాబు వస్తుంది. ఉగాది దాకా గడువు అడగండి. ఈలోపు గోళ్లు కత్తిరిద్దాం, దుంగ పెడదాం, టీకా వేయిద్దాం, అయినా అమ్మకు ఇంకొక్క గీత పడితే నేనే మంచి ఇల్లు చూసి పంపిస్తాను అని చెప్పండి, చెప్పాక ఆ మాట మీద నిలబడండి. బెంగళూరు డబ్బు మాత్రం ఇప్పుడే కట్టొద్దనండి. ఇవన్నీ చెప్పే ముందు, ఒక మధ్యాహ్నం పూట ఎవరూ లేనప్పుడు, అత్తగారి పక్కన కూర్చుని అడగండి, "అత్తమ్మా, రాగిని ఏం చేద్దాం?" అని. ఆమె ఉంచుకుందామంటే ఆ దుంగ ఎక్కడ పెట్టాలో కూడా ఆమెనే చెప్పమనండి.

అన్నట్టు, దసరా అయ్యి నాలుగు నెలలే కదా, ఆ పాత సామాన్లతని దగ్గర నులక మంచం ఇంకా ఉందేమో ఒకసారి కనుక్కోండి.